మొదటి రోజు లీటర్లకి లీటర్లు సెలైన్ ఎక్కించారు, ఇప్పుడేమో గుక్కెడు నీళ్ళు కూడా వద్దంటున్నారు, ఏటిది?

పాలకొండ_అల్లుడు
మా మావయ్యకి 64 ఏళ్ళు, సుగర్ ఉంది. యూరిన్ ఇన్ఫెక్షన్ ముదిరి రక్తంలోకి పాకిందని శ్రీకాకుళంలో ఒక ప్రైవేట్ హాస్పిటల్ ఐసీయూలో పెట్టాం. తెచ్చినప్పుడు బీపీ 80/50, మనిషి సోలిపోతున్నాడు, పిలిస్తే ఊఁ అనడం తప్ప మాట లేదు. ఆ సాయంత్రం నుంచి తెల్లారేలోపు సెలైన్ మీద సెలైన్, నాలుగు లీటర్లు అయ్యుంటుంది, కింద మెడికల్ షాపు నుంచి మేమే అట్టపెట్టెతో మోసుకొచ్చాం. బీపీ లేచింది, అందరం హమ్మయ్య అనుకున్నాం. ఇప్పుడు చూస్తే మొహం, చేతులు, కాళ్ళు అన్నీ వాచిపోయాయి, వేలికున్న ఉంగరం కత్తిరించి తీయాల్సి వచ్చింది, ఆక్సిజన్ పెంచారు, సెలైన్ పూర్తిగా ఆపేసి నీరు లాగడానికని లాసిక్స్ ఇస్తున్నారు. ఎక్కించిందీ వీళ్ళే, లాగేదీ వీళ్ళే. పైగా ఆయన నాలుక పిడచగట్టుకుపోయి నీళ్ళు నీళ్ళు అని సైగ చేస్తుంటే గుక్కెడు కూడా పోయొద్దంటున్నారు, మా అత్తయ్య ఐసీయూ బయట కూర్చుని ఒకటే ఏడుపు. బావమరిదేమో వైజాగ్ మార్చేద్దాం అంటున్నాడు. వీళ్ళు తెలిసే చేస్తున్నారా లేక మొదటి రోజు చేసిన పొరపాటు ఇప్పుడు దిద్దుకుంటున్నారా?

రాజాం_రాజు
ఏముంది, బిల్లు. ఎక్కించడానికో బిల్లు, లాగడానికో బిల్లు. రేపు మళ్ళీ ఎక్కిస్తారు చూడండి.

గంటస్తంభం
రాజు గారికి ఏ థ్రెడ్ చూపించినా బిల్లే కనిపిస్తుంది. మొన్న సిరిమానోత్సవం థ్రెడ్‌లో కూడా ఇదే మాట.

నాగావళి_నర్సు
ఐసీయూలో స్టాఫ్ నర్సుని, ఎక్కడో చెప్పను. రాజు గారూ, సెలైన్ సీసాల మీద ఎవరూ మేడలు కట్టట్లేదండి, ఐసీయూ బిల్లులో అన్నిటికంటే చవక వస్తువు అదే. అల్లుడు గారూ, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే నాకు లైన్ తప్పినట్టు అనిపించట్లేదు. ఆయన బరువెంత? ఇప్పుడు బీపీ పెంచే మందు మీద నిలబడుతోందా మందు లేకుండానేనా? యూరిన్ బ్యాగ్‌లో గంటకి ఎంత వస్తోంది? ఈ మూడూ చెప్పండి.

పాలకొండ_అల్లుడు
బరువు 60 ఉంటుంది. నార్‌అడ్రినలిన్ అని ఏదో సిరంజి పంప్‌లో పెట్టారు, అది నిన్న రాత్రి నుంచి తగ్గిస్తూ వస్తున్నారు. యూరిన్ గంటకి 20 వచ్చేది, లాసిక్స్ ఇచ్చాక 100 పైనే వస్తోందన్నారు.

మత్తుడాక్టర్
విజయనగరంలో మత్తు డాక్టర్ని, ఐసీయూ కూడా చూస్తాను. పేషెంట్‌ని చూడకుండా ఫోన్లో వైద్యం చెయ్యను కానీ మీ అనుమానం చాలామంది అడిగేదే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

సెప్సిస్‌లో, అంటే మీ మావయ్యకి లాగా ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా దెబ్బతీసినప్పుడు, రక్తనాళాలు వదులైపోతాయి, గోడలు లీకవుతాయి. ఉన్న రక్తమే ఆ వదులైన గొట్టాలకి చాలదు, బీపీ పడిపోతుంది, కిడ్నీకి మెదడుకి రక్తం అందదు. అందుకే మొదటి గంటల్లో గబగబా సెలైన్. ప్రపంచమంతా చదివే సెప్సిస్ గైడ్‌లైన్ ప్రకారం మొదటి 3 గంటల్లో కిలోకి 30 మి.లీ., అంటే మీ మావయ్యకి దాదాపు 1.8 లీటర్లు. కానీ గోడలు లీకవుతున్నాయి కదా, ఎక్కించిన నీరంతా నాళాల్లోనే ఉండిపోదు. ఓ గంట రెండు గంటలు గడిచేసరికి లీటర్లో పావు వంతు కూడా లోపల మిగలదు, తక్కినదంతా చర్మం కిందకి, ఊపిరితిత్తుల్లోకి, పేగుల గోడల్లోకి, కిడ్నీలోకి చేరుతుంది. మీరు చూసిన వాపు అదే. వేలు వాచిందంటే ఊపిరితిత్తి కూడా వాచి ఉండొచ్చు, ఆక్సిజన్ పెంచింది అందుకే అయ్యుంటుంది.

రెండో మూడో రోజుకి ఇన్ఫెక్షన్ లొంగి, బీపీ మందు తగ్గుతూ వస్తుంటే ఇక సెలైన్ అవసరం తీరిపోయినట్టే. అప్పటి నుంచి పని తిరగబడుతుంది, లోపల ఇరుక్కున్న నీటిని బయటికి తియ్యాలి. ఒళ్ళు తనంతట తాను వదిలిస్తే మంచిది, వదలకపోతే లాసిక్స్, దానికీ లొంగకపోతే డయాలసిస్ మెషీన్. ఎక్కించడం తప్పూ కాదు లాగడం దిద్దుబాటూ కాదు. పొలానికి నాట్లప్పుడు నీళ్ళు పెట్టిన రైతే కోతల ముందు మడిలో నీళ్ళు తీసేస్తాడు, అలాంటిదే. నాలుగు లీటర్లు మాత్రం ఆ బరువుకి కాస్త ఎక్కువే, నేనైతే రెండు దాటాక నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టేవాడిని.

పీజీ_గోల
సార్ మీతో చాలావరకు ఓకే, చివరి వాక్యం దగ్గర ఆగాను. బొబ్బిలి మాది, వైజాగ్‌లో పీజీ చేస్తున్నా. 80/50 తో సోలిపోతూ వచ్చిన సుగర్ పేషెంట్, ఎన్ని గంటల నుంచి తిండీ నీళ్ళూ లేవో, ఎన్ని వాంతులయ్యాయో మనకి తెలీదు. నాలుగు అనేది కూడా బయట నుంచి అట్టపెట్టె చూసి వేసిన లెక్క. రెండు లీటర్లకి గీత గీసేస్తే ఎండిపోయిన మనిషికి నార్‌అడ్ పెట్టి నాళాలు బిగించినట్టు అవుతుంది, అది కిడ్నీకి ఇంకా చేటు.

మత్తుడాక్టర్
గోల బాబూ, గీత నేనూ గియ్యట్లేదు. కానీ ఆ 30 మి.లీ. అంకెని మీ తరం శిలాశాసనంలా చదువుతోంది. 2016 లో బలమైన సిఫార్సుగా ఉన్నదాన్ని 2021 లో బలహీనమైన సిఫార్సుకి దించారు, ఎందుకు దించారో కూడా చదువు. అసలు ఈ కుమ్మరింపు అంతా 2001 లో డెట్రాయిట్‌లో ఒకే ఒక్క హాస్పిటల్లో చేసిన ట్రయల్‌తో ఊపందుకుంది. తర్వాత అమెరికాలో, ఆస్ట్రేలియా వైపు, ఇంగ్లండ్‌లో 2014, 2015 ల్లో మూడు పెద్ద ట్రయల్స్ చేస్తే ఆ పద్ధతికి మామూలు వైద్యం కంటే అదనంగా ఒరిగింది ఏమీ లేదు.

పీజీ_గోల
ఆ మూడు ట్రయల్స్‌లో మామూలు వైద్యం పొందినవాళ్ళకి కూడా ముందే రెండేసి లీటర్లు పడ్డాయి కదా సార్. అదీ చెప్పాలి. తక్కువ ఇస్తే మంచిదా అని నేరుగా పెట్టిన పరీక్షలు కూడా ఉన్నాయి, యూరప్‌లో క్లాసిక్ 2022, అమెరికాలో క్లోవర్స్ 2023. రెండిట్లోనూ తక్కువ ఇచ్చినా మామూలుగా ఇచ్చినా చావుల్లో తేడా రాలేదు. అంటే పొదుపు వాదం కూడా నెగ్గలేదు.

గంటస్తంభం
డాక్టర్లిద్దరూ కొట్టుకుంటే పేషెంట్ బంధువులకి బీపీ పెరుగుతోంది, దానికేమైనా మందు చెప్పండి.

పాలకొండ_అల్లుడు
నిజమే గాని వీళ్ళు కొట్టుకుంటుంటేనే నాకు కాస్త అర్థమవుతోంది. మరి నీళ్ళ సంగతి? దాహం అంటుంటే పొయ్యకపోవడం పాపం కాదా?

నాగావళి_నర్సు
దాహం వేరు, ఒంట్లో నీరు తక్కువవ్వడం వేరు అల్లుడు గారూ. ఆక్సిజన్ మాస్కు గాలికి నోరు ఆరిపోతుంది, సుగర్ ఎక్కువున్నా ఆరిపోతుంది, ఒంట్లో ఐదు లీటర్లు అదనంగా ఉన్నవాళ్ళు కూడా దాహం దాహం అంటారు. రెండోది, మగతలో ఉన్న మనిషికి నీళ్ళు పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, దాంతో నిమోనియా. మింగగలుగుతున్నాడని చూసుకున్నాకే చెంచాతో మొదలుపెడతాం. ఈలోపు తడి గాజుగుడ్డతో పెదాలు, నాలుక తుడవమని అడగండి, స్పృహ బాగా ఉంటే చిన్న ఐసు ముక్క చప్పరించనిస్తారేమో కనుక్కోండి. అమ్మగారినే లోపలికి పిలిచి ఆ గాజుగుడ్డ పని ఇమ్మనండి, మేమైతే ఇస్తాం, ఆవిడకీ చేతికి పని దొరుకుతుంది. అంతేగాని సిస్టర్ చూడకుండా కొంగు చాటున బాటిల్ తెచ్చి తాగించకండి. ప్రతి వార్డులోనూ చూస్తాం ఈ నాటకం.

కవిటి_కొబ్బరి
బాటిలేటి, మా వైపు బొండాం కొట్టి పట్టుకెళ్ళిపోతారు. ఉద్దానం బొండాం తాగితే లేచి కూర్చుంటాడని. మా అన్న డయాలసిస్ పేషెంటు, పరామర్శకి వచ్చిన ప్రతోడూ బొండామే.

నాగావళి_నర్సు
కిడ్నీ పేషెంటుకి బొండామా!! దాంట్లో పొటాషియం ఎంత ఉంటుందో తెలుసా, గుండె ఆగిపోగలదు.

కవిటి_కొబ్బరి
తెలుసు మేడం, ఇప్పుడు గుమ్మంలోనే ఆపీసి మేమే తాగీస్తన్నాం. బొండాం సంగతి పక్కన పెట్టండి, అసలు కథ వేరే ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఇవన్నీ కిడ్నీ ఊళ్ళని మీకు తెలిసిందే, ఎందుకొస్తందో ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్ మనిషికి యూరిన్ దాదాపు రాదు, లోపలికెళ్ళిన నీరు మళ్ళీ మెషీన్ ఎక్కేదాకా లోపలే. మా అన్నకి నీరసంగా ఉందంటే వదిన భయపడి ఊళ్ళో సూదులేసే ఆయన్ని పిలిచింది, ఆయన రెండు సీసాలు ఎక్కించీసి వెళ్ళిపోనాడు. రాత్రికి ఆయాసం, పడుకోలేడు, కూర్చోలేడు, నోట్లోంచి నురగ. 108 లో తీసుకెళ్ళి రాత్రికి రాత్రి డయాలసిస్ చేస్తే బతికాడు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ హాస్పిటల్ తెరిచారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకా దూరం పోవాలి, దారిలోనే అయిపోయేది.

మత్తుడాక్టర్
కవిటి గారు చెప్పింది అందరూ గట్టిగా పట్టుకోవాలి. ఉద్దానం నుంచి ఎవరొచ్చినా, ఏ జబ్బుతో వచ్చినా, కిడ్నీ సంగతి క్యాజువాలిటీలో మొదటి మాటగా చెప్పండి. సెలైన్ వద్దనడానికి కాదు. డయాలసిస్ మనిషికి సెప్సిస్ వచ్చి బీపీ పడితే అతనికీ సెలైన్ కావాలి, కాకపోతే 250 మి.లీ. ఇచ్చి, ఊపిరితిత్తులు విని, మళ్ళీ 250 ఇస్తాం.

చీపురుపల్లి_చిన్నోడు
ఈ నీరసానికి సెలైన్ అనే జబ్బు మా ఊళ్ళో ఎప్పటికి పోతుందో. పంట కోత అయ్యాక ఊరంతా వరసగా అరుగుల మీద పడుకుని, కిటికీ చువ్వకి సీసా కట్టించుకుంటారు. పరామర్శకెళ్తే మొదటి ప్రశ్న ఎన్ని సీసాలు ఎక్కించారు అని. ఒక్కటే అంటే చిన్నచూపు.

పీజీ_గోల
దానికో లెక్క చెప్పనా. ఐదు శాతం గ్లూకోజ్ 500 మి.లీ. సీసాలో ఉన్నది 25 గ్రాముల గ్లూకోజ్. వంద కేలరీలు కూడా లేవు. నార్మల్ సెలైన్ అయితే లీటరుకి 9 గ్రాముల ఉప్పు, రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు తినమని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పే ఉప్పు. బీపీ ఉన్న ముసలాయనకి నీరసమని రెండు సీసాలు పెడితే ఏం పెడుతున్నట్టో మీరే చూసుకోండి.

రాజాం_రాజు
మరి ఆ లెక్కన ఐసీయూలో నాలుగు లీటర్లంటే 36 గ్రాముల ఉప్పు. దానికేమంటారు?

పీజీ_గోల
మంచి ప్రశ్న అన్నా, వెటకారంగా అడిగినా. అందుకే చాలాచోట్ల ఇప్పుడు నార్మల్ సెలైన్ బదులు ఆర్‌ఎల్ వాడుతున్నారు, రింగర్ లాక్టేట్. సెలైన్‌లో లీటరుకి సోడియం 154, క్లోరైడ్ 154 మిల్లీమోల్స్, మన రక్తంలో క్లోరైడ్ ఓ వంద చుట్టూ ఉంటుంది. లీటర్లకి లీటర్లు పోస్తే రక్తంలో ఆమ్లం పెరిగి పులిసిపోతుంది, కిడ్నీ నాళాలు ముడుచుకుంటాయి. ఆర్‌ఎల్‌లో క్లోరైడ్ 109. అమెరికాలో 2018 లో స్మార్ట్ అనే ట్రయల్‌లో ఆర్‌ఎల్ లాంటివి వాడినవాళ్ళకి చావు, డయాలసిస్, తగ్గని కిడ్నీ దెబ్బ మూడూ కలిపి చూస్తే కాస్త తగ్గాయి, 15.4 శాతం నుంచి 14.3 కి. తర్వాత బ్రెజిల్‌లో 2021, ఆస్ట్రేలియా న్యూజిలాండ్‌లో 2022 ల్లో చేసినవాటిలో చావుల్లో తేడా కనపడలేదు. సో కొంచెం మేలే గాని మంత్రజలం కాదు.

కవిటి_కొబ్బరి
కిడ్నీ వాళ్ళకి ఆర్‌ఎల్ పెట్టకూడదు, పొటాషియం ఉంటుంది అంటారు కదా, మా అన్న ఫైలు మీద ఎర్ర పెన్నుతో రాసుంది.

మత్తుడాక్టర్
మేము చదువుకున్నప్పుడు కూడా అదే చెప్పారు. ఆర్‌ఎల్‌లో పొటాషియం లీటరుకి 4, రక్తంలో ఉండేదీ ఇంచుమించు అంతే. కిడ్నీ మార్పిడి ఆపరేషన్లలో సెలైన్‌తో పోల్చి చూస్తే పొటాషియం పెరిగింది సెలైన్ ఇచ్చినవాళ్ళకే, రక్తం పులిసినప్పుడు కణాల్లో ఉన్న పొటాషియం బయటికొస్తుంది కాబట్టి. ఆ ఎర్ర పెన్ను గురించి మీ నెఫ్రాలజిస్టునే అడగండి, నేను కొట్టేయమనను. తలకి దెబ్బ తగిలిన కేసుల్లో మాత్రం ఇప్పటికీ నార్మల్ సెలైనే, ఆర్‌ఎల్ కాస్త పల్చన, మెదడు వాపు పెంచొచ్చు.

బొబ్బిలి_వీణ
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబుకి తొమ్మిదేళ్ళు, పోయిన వర్షాకాలం డెంగీ. జ్వరం తగ్గిపోయింది, ఇంటికెళ్ళిపోదాం అనుకున్న రోజే కడుపునొప్పి, వాంతులు, చేతులు చల్లబడ్డాయి. సెలైన్ పెట్టి గంట గంటకీ రక్తం తీసి చూశారు, ప్లేట్‌లెట్స్ అనుకున్నా, కాదు హెచ్‌సీటీ అన్నారు. తర్వాతి రోజున్నరకి టక్కున ఆపేశారు. నేను గొడవపెట్టుకున్నాను, పిల్లాడు ఇంకా తినట్లేదు సెలైన్ ఎందుకు తీసేశారని. ఈ థ్రెడ్ చదువుతుంటే అదే కథలా ఉంది.

మత్తుడాక్టర్
అదే కథ, ఇంకా వేగంగా నడిచేది. డెంగీలో ప్రమాదం జ్వరం ఉన్నప్పుడు కంటే తగ్గేటప్పుడే, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో ఎప్పుడైనా. నాళాల్లోంచి నీరు కారిపోతే రక్తం చిక్కబడుతుంది, హెచ్‌సీటీ అంటే ఆ చిక్కదనం, 20 శాతం పెరిగిందంటే లీకు బాగా ఉన్నట్టు. అప్పుడు గంటకి కిలోకి 5 నుంచి 7 మి.లీ. తో మొదలుపెట్టి, మెరుగైతే 3 నుంచి 5 కి, తర్వాత 2, 3 కి దించుతూ పోతాం. లీకు ఉండేది 24 నుంచి 48 గంటలే. ఆ తర్వాత బయటికి కారిన నీరంతా తనే నాళాల్లోకి తిరిగొస్తుంది. అప్పుడు కూడా సెలైన్ నడుస్తుంటే రెండు వైపుల నుంచీ నీరు వచ్చి పడి ఊపిరితిత్తులు నిండిపోతాయి. నేను చూసిన డెంగీ పిల్లల్లో చెయ్యి దాటిపోయినవి కొన్ని లీకు వల్ల కాదు, సరైన సమయానికి సీసా తియ్యకపోవడం వల్ల. మీ బాబు డాక్టరెవరో గాని టక్కున ఆపాడు చూడండి, అదీ పని.

బొబ్బిలి_వీణ
ఆయన మీద అరిచేశాను సార్ నేను 🙈

గంటస్తంభం
బొబ్బిలి వాళ్ళు యుద్ధం చెయ్యకుండా ఉంటారా.

పీజీ_గోల
పిల్లల మాటొచ్చింది కాబట్టి, కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 2011 లో ఫీస్ట్ అని ఒక ట్రయల్ వచ్చింది. జ్వరంతో, రక్తం సరిగ్గా అందని స్థితిలో వచ్చిన 3 వేల మంది పిల్లలు. గబగబా సెలైన్‌గాని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ద్రవంగాని ఎక్కించిన గుంపుల్లో 48 గంటల్లో చనిపోయినవాళ్ళు దాదాపు 10.5 శాతం, అలా కుమ్మరించని గుంపులో 7.3. ప్రాణం పోస్తుందనుకున్నదే తీసింది. సగానికి పైగా మలేరియా కేసులు, చాలామందికి రక్తం తక్కువ, వెంటిలేటర్లు లేవు. విరేచనాలతో ఎండిపోయిన పిల్లల్ని మాత్రం అందులో కలపలేదు, వాళ్ళకి నీరు పడాల్సిందే.

మత్తుడాక్టర్
ఇందాక 30 మి.లీ. అని నాతో కొట్టుకున్నది నువ్వేనా గోల బాబూ 😀 2017 లో జాంబియాలో పెద్దవాళ్ళ సెప్సిస్‌లోనూ అదే తేలింది, ప్రోటోకాల్ ప్రకారం ఎక్కువ నీరు ఎక్కించిన గుంపులో 48 శాతం పోయారు, మామూలు వైద్యంలో 33. మన సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ నుంచి మలేరియా ముదిరి వచ్చేవాళ్ళని చూసినప్పుడు నాకు గుర్తొచ్చేది ఇవే, డెట్రాయిట్ కాదు. ఆ కేసుల్లో ఊపిరితిత్తులు ఎంత తొందరగా నిండుతాయో చూస్తేగాని తెలీదు.

పీజీ_గోల
ఒప్పుకోను సార్ 🙂 జాంబియా వాళ్ళలో అత్యధికులు హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు, బక్కచిక్కినవాళ్ళు. పాలకొండ నుంచొచ్చిన 60 కిలోల సుగర్ పేషెంట్‌కి అది అతికించలేం. పైగా మన పీహెచ్‌సీల్లో సమస్య ఎక్కువ ఇవ్వడం కాదు. చల్లబడిపోయిన మనిషికి ఒక సీసా సన్న సూదితో చుక్కచుక్కగా పెట్టి పెద్దాసుపత్రికి పొమ్మంటారు. రెండు గంటల దారి, వచ్చేసరికి సీసాలో సగం అలాగే ఉంటుంది.

చీపురుపల్లి_చిన్నోడు
ఇది నిజం. మా పిన్నికి అచ్చం ఇదే జరిగింది. కల్తీ తిండి, విరేచనాలు, ఒక పెద్దాసుపత్రిలో బెడ్ దొరికేదాకా వరండాలో ఒకే సీసా, అదీ ఎవరూ మార్చలేదు. దక్కలేదు. ఎక్కువ ఎక్కించడం గురించి ఇంత చర్చ నడుస్తోంది, మాకైతే తక్కువతోనే పోయింది.

నాగావళి_నర్సు
అయ్యో చిన్నోడు గారూ.

మత్తుడాక్టర్
చిన్నోడు గారూ, మీ పిన్నిగారి లాంటి కేసులో పొదుపు మాటే లేదు. విరేచనాల్లో పోయింది నీరూ ఉప్పే, పోయినంతా తిరిగి పెట్టాలి, తొందరగా పెట్టాలి. కలరాకి సూదితో ఉప్పునీళ్ళు ఎక్కించడం 1832 లోనే స్కాట్లాండ్‌లో మొదలైంది. అంత పాత వైద్యం అందకపోవడానికి కారణం ట్రయల్సూ కాదు గైడ్‌లైన్లూ కాదు. గోల బాబు చెప్పిన సన్న సూది మాటతో నేను నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను, ఇది మాత్రం రాసుకో.

రాజాం_రాజు
ఎవరికి ఎంత కావాలో ముందే తెలుసుకునే మెషీన్ ఏమీ లేదా? ఇంత పెద్ద బిల్లులు వేస్తారు కదా.

మత్తుడాక్టర్
ఉన్నాయి, గుండె స్కాన్‌తో చూస్తాం. మెషీన్ లేనిచోట రెండు చవక పనులున్నాయి. ఒకటి, పడుకున్న మనిషి కాళ్ళు 45 డిగ్రీలు పైకెత్తితే కాళ్ళలోని రక్తం ఓ 300 మి.లీ. గుండెకి చేరుతుంది. నిమిషంలో గుండె పంపింగ్ పెరిగితే నీరు ఇస్తే ఉపయోగం ఉంటుందని అర్థం, పెరగకపోతే ఇచ్చినా వాపే. నచ్చకపోతే కాళ్ళు దించేయొచ్చు, ఎక్కించిన సెలైన్‌ని అలా వెనక్కి తీసుకోలేం కదా. రెండోది, వేలి కొన 10 సెకన్లు గట్టిగా నొక్కి వదిలితే 3 సెకన్లలోపు ఎర్రబడాలి. 2019 లో ఆండ్రోమెడా అనే ట్రయల్‌లో ఈ వేలి పరీక్షని చూసుకుంటూ వైద్యం చేసినా, లాక్టేట్ అనే రక్తపరీక్షని చూసుకుంటూ చేసినా, వేలి పరీక్ష ఏమీ తీసిపోలేదు. దీనికి బిల్లు కూడా ఉండదు రాజు గారూ.

రాజాం_రాజు
వేలు నొక్కుడు ఛార్జీ అని వేస్తారు, మీకు తెలీదు.

నాగావళి_నర్సు
డాక్టర్లెవరూ చెప్పని సంగతి నేను చెప్తా. సీసాలు ఆపేశాం అనుకున్నాక కూడా నీరు లోపలికి పోతూనే ఉంటుంది. యాంటీబయాటిక్ ఒకటి 100 మి.లీ. లో కలిపి రోజుకి నాలుగు సార్లు, ఇంకోటి 100 చొప్పున మూడు సార్లు, జ్వరానికి పారాసిటమాల్ 100 చొప్పున మూడు సార్లు. లీటరు అయిపోయింది చూడండి, ఎవరూ సెలైన్ రాయకుండానే. రౌండ్స్‌లో సార్ ఫ్లూయిడ్స్ ఆపండి అని వెళ్ళిపోతారు, రాత్రి చార్ట్ కూడేది మేము, ప్లస్ లీటరున్నర. అందుకే నేను కుదిరినవన్నీ తక్కువ నీటిలో కలపొచ్చా, ట్యూబ్‌లో మాత్ర వెయ్యొచ్చా అని అడుగుతాను. కొందరు సార్లు వింటారు, కొందరు చూపుతోనే తగలెడతారు. బంధువులు అడగాల్సిన ప్రశ్న ఎన్ని సీసాలు అని కాదు, నిన్న రాత్రికి లోపలికెళ్ళిందెంత బయటికొచ్చిందెంత అని. ఆ కాగితం ప్రతి ఐసీయూలో మంచం కాళ్ళ దగ్గర వేలాడుతుంటుంది.

పీజీ_గోల
సిస్టర్‌కి దండం. ఇంకోటి, యూరిన్ తగ్గింది కదా అని ఇంకో లీటరు పెట్టడం. వాచిన కిడ్నీ యూరిన్ చెయ్యదు, దాని చుట్టూ గట్టి పొర ఉంటుంది, లోపల నీరు నిండితే ఒత్తిడికి రక్తమే సరిగ్గా పారదు. అల్లుడు గారి మావయ్యకి 20 నుంచి 100 కి పెరిగిందంటే లాసిక్స్ పట్టిందన్నమాట, బీపీ పడకుండా ఉంటే మంచి సూచనే.

పాలకొండ_అల్లుడు
సిస్టర్ గారూ మీరు చెప్పినట్టే అడిగాను. డ్యూటీ డాక్టర్ మొదట చిరాకుపడ్డాడు గాని కాగితం చూపించాడు. మొదటి రోజు ప్లస్ 3,600, నిన్న ప్లస్ 400, ఇవాళ సాయంత్రానికి మైనస్ 1,100. బీపీ మందు ఇంకా సన్నగా నడుస్తోంది. అత్తయ్యని లోపలికి రానిచ్చి గాజుగుడ్డ ఇచ్చారు. బావమరిది మాత్రం నార్‌అడ్రినలిన్ పెట్టారంటే పోయినట్టే, మా ఆఫీసులో ఒకాయనకి ఇలాగే అయ్యింది, వైజాగ్ తీసుకుపోదాం అని పట్టు వదలట్లేదు.

మత్తుడాక్టర్
ఆ మందు పెట్టినవాళ్ళలో కొందరు పోతారు కాబట్టి మందే చంపిందనుకుంటారు. ఇన్ఫెక్షన్‌కి వదులైన నాళాలని బిగించేది ఆ మందు, సెలైన్ ఆ పని చెయ్యలేదు. ఇప్పుడు మెడలో పెద్ద లైన్ పడేదాకా ఆగకుండా చేతిలో మంచి సూది ఉంటే కాసేపటికి అందులోనే మొదలుపెట్టొచ్చని 2021 గైడ్‌లైన్ కూడా ఒప్పుకుంది. ఎక్కువ మోతాదు ఎక్కువ రోజులు నడిస్తే వేళ్ళ కొనలు నల్లబడే ప్రమాదం ఉంది, కాదనను. కానీ తగ్గుతున్న మందుని చూసి భయపడటం ఎందుకు? మార్చాలా వద్దా అనేది నేను చెప్పను, మీ కుటుంబం మాట. నిలకడ వచ్చినవాడిని అంబులెన్స్ ఎక్కించే ముందు ఇక్కడ లేనిది అక్కడ ఏముందో మీ బావమరిదిని ఒక్క ముక్కలో చెప్పమనండి.

మోడరేటర్
డాక్టర్లు, సిస్టర్ రాసింది సమాచారం కోసం. ఇక్కడ చదివి మందులు మార్చమని ఎవరూ హాస్పిటల్లో గొడవ పెట్టుకోవద్దు. రాజు గారూ, ఇంకో బిల్లు జోక్ వేస్తే ఒక వారం సెలవు.

రాజాం_రాజు
దానికెంత బిల్లు?

చీపురుపల్లి_చిన్నోడు
ఒకవేళ మార్చాల్సే వస్తే, ఎవరికైనా సరే, చేతిలో ఏం పట్టుకెళ్ళాలి? మా పిన్నప్పుడు ఒక చీటీ తప్ప ఏమీ ఇవ్వలేదు.

నాగావళి_నర్సు
డిశ్చార్జ్ సమ్మరీ కంటే ముందు ఆ ఇన్‌పుట్ అవుట్‌పుట్ చార్టులన్నీ ఫోటో తీసుకోండి, మొదటి రోజు నుంచి. బరువు, సీసాల్లో ఏది ఎంత పోయింది, ఆర్‌ఎల్లా సెలైనా, లాసిక్స్ ఆఖరిసారి ఎప్పుడిచ్చారు, బీపీ మందు గంటకి ఎంత నడుస్తోంది, సిరంజిలో ఎంత కలిపారు. ఆ కలిపిన లెక్క తెలీకపోతే అవతలివాళ్ళు మళ్ళీ మొదటి నుంచి పట్టుకోవాలి. యాంటీబయాటిక్ ఆఖరి డోసు టైము. బయల్దేరేముందు యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయించి ఎంతుందో రాయించుకోండి. సిరంజి పంప్ బ్యాటరీ ఎంత చార్జింగ్ ఉందో మీ కళ్ళతో చూడండి, అంబులెన్స్‌లో ప్లగ్ పనిచేస్తుందో లేదో పెట్టి చూపించమనండి, రెండో సిరంజి కలిపి సిద్ధంగా ఉంచమనండి. రణస్థలం దాటాక పంప్ ఆగిపోతే అక్కడ ఎవరూ ఏమీ చెయ్యలేరు.